ఇంజను వేడెక్కే దాకా

స్పిరిదోన్‌ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు మా ఊళ్ళో పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, జీపు గుమ్మం ముందు ఆగినా నాకు కనిపించలేదు. ముందు అతని దగ్గు వినిపించింది. తర్వాత టోపీ కనిపించింది. ఆ తర్వాత, ఎవరివో అన్నట్టు ముందుకు చాచి పట్టుకున్న రెండు చేతులు.

చేతులున్నాయి, వేళ్ళు తీసేశారు. బొటనవేళ్ళు మాత్రం మిగిలాయి, అవీ సగం సగం. కట్ల మీద ఎవరో దయగల నర్సు కుందేలు తోలు సంచులు తొడిగి తాడు కట్టి పంపింది.

మా అమ్మాయి కున్నెయ్ ఆ సంచుల్ని చాలాసేపు చూసింది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదమ్మా. లేని వేళ్ళు ఎక్కడైనా నొప్పి పెడతాయా?"

అది అబద్ధమని నాకు తర్వాత తెలిసింది. ఉన్నవాటికంటే లేనివే ఎక్కువ మండేవట.

జరిగింది అంతకుముందు నవంబరులో. గడ్డకట్టిన యానా నది మీది దారిలో, పిండి బస్తాల కోసం అతను ఒంటరిగా వెళ్తున్నాడు. నది వంపు దగ్గర లారీ ఆగిపోయింది. ట్యాంకులో డీజిలు చలికి నెయ్యిలా పేరుకుంది. కింద మంట పెట్టి పైపులు కాచుకోవడానికి మా డ్రైవర్లందరి దగ్గరా పంపు కొట్టి వెలిగించే బ్లో ల్యాంపు ఉంటుంది. దాని మూతి పూడుకుపోయింది. అది విప్పుతుంటే లోపలి పెట్రోలు చేతి తొడుగుల మీద ఒలికింది. అంత చలిలో పెట్రోలు తడిపి ఊరుకోదు, కొరుక్కు తింటుంది. స్పేరు టైరు తగలబెట్టుకుని దాని పక్కన కూర్చున్నాడు. సాయంత్రానికి బొగ్గు లారీలు వరసగా వచ్చి అతన్ని ఎక్కించుకుపోయాయి. మా లారీని తర్వాత ట్రాక్టరుతో లాక్కొచ్చి పెరట్లో వదిలారు.

అతను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఇంటికి మగదిక్కుగా నిలబడ్డది నా తమ్ముడు ఫెదోత్. వాడు కరెంటు స్టేషను లారీ నడిపేవాడు. బావకిలా జరిగిన వారంలోనే స్టీరింగు వదిలేసి, బాయిలరులో బొగ్గు వేసే పనికి మార్పించుకున్నాడు. "దారి మీద మనసు విరిగిందక్కా" అన్నాడు. ఎవరికి విరగదు అనుకున్నాను. తాగే నీళ్ళకు నది నుంచి మంచు దిమ్మెలు కోసుకొచ్చి గుమ్మం పక్కన పేర్చేవాడు. కట్టెలు కొట్టి పెట్టేవాడు. కున్నెయ్‌కి ఎక్కడి నుంచో యాపిల్ పళ్ళు తెచ్చాడోసారి. వాటిని కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు, గడ్డకట్టకుండా.

స్పిరిదోన్ ఇంటికి వచ్చాక కూడా వాడు రావడం మానలేదు. వాడు వస్తే స్పిరిదోన్ లేచి లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకునేవాడు.

"ఏం మనిషివి నువ్వు? వాడు ఇంత చేస్తుంటే ఒక్క మాట మాట్లాడలేవా?" అన్నాను ఒకసారి.

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. చలి ఎక్కువగా ఉందను."

"అది వాడికీ తెలుసు" అన్నాడు.

జనవరిలో సరుకుల కొట్టు వాళ్ళు కబురు పెట్టారు. మంచు దారి కరిగేలోగా పిండీ చక్కెరా తోలగలిగితే తోలండి, లేకపోతే వేరే బండి చూసుకుంటాం అని. మూడు గ్రామాలకు పిండి తోలే పని అది. స్పిరిదోన్ ఆ లారీని ఏళ్ళ తరబడి ఆ పని మీదే నిలబెట్టాడు. ఆ పని పోతే లారీ ఉండి ఏం, లేక ఏం.

ఆ పొద్దున ఫెదోత్ కట్టెలు దించి టీ తాగుతున్నాడు. స్పిరిదోన్ ఎందుకో లోపలికి వెళ్ళలేదు. బల్ల ముందే కూర్చున్నాడు.

"అమ్మేద్దాం" అన్నాడు.

"ఎవరు కొంటారు ఈ నెలలో, చచ్చిన లారీని?" అన్నాను. "నేను నడుపుతా."

"నువ్వా?"

"స్కూల్లో మాకందరికీ ట్రాక్టరు నేర్పారు కదా."

"నేర్పారులే. నువ్వు దాన్ని గడ్డివాములోకి పోనిచ్చావని ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటున్నారు."

"గడ్డివాముకేం కాలేదుగా."

"నది గడ్డివాము కాదు."

"నువ్వు పక్కన కూర్చుని తిట్టు. నోరు బాగానే ఉందిగా నీకు."

ఫెదోత్ కప్పులోకి చూస్తూ, "నడిపేది తర్వాత సంగతి. ముందు అది లేవాలి. నెలన్నరగా మంచులో పడుంది" అన్నాడు. "రోజూ పొద్దున్నే వచ్చి నేను వేడి చేస్తా అక్కా. డ్యూటీకి వెళ్ళే ముందు."

అప్పుడు స్పిరిదోన్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

చల్లబడిన లారీని లేపడమంటే మా వైపు అదొక పూట పని. మామూలుగా చలికాలం మొదలయ్యాక ఇంజను ఆపరు. ఆపితే రాత్రికి ఆయిలు దించి బకెట్లో పొయ్యి దగ్గర పెట్టుకుంటారు, బ్యాటరీని దూడని తెచ్చినట్టు ఎత్తుకొచ్చి ఇంట్లో పడుకోబెడతారు. మా లారీకి ఆ భాగ్యం దక్కలేదు. దాని ఆయిలు లోపలే జిగురుగా బిగుసుకుంది. టైర్లు నిలబడ్డచోట చదునుగా దిగి చతురస్రాల్లా అయ్యాయి.

మర్నాడు తెల్లవారక ముందే లేచి మంచు దిమ్మెలు పగలగొట్టి పెద్ద గుండిగలో కరగబెట్టాను. ఫెదోత్ లారీ చుట్టూ నేల దాకా టార్పాలిన్ కట్టాడు. బానెట్ మీద పాత బొంతలన్నీ కప్పాం, కున్నెయ్ చిన్నప్పటి దుప్పటితో సహా. వాడు లారీ కిందికి దూరి వెల్లకిలా పడుకుని బ్లో ల్యాంపు వెలిగించాడు. రేకు గొట్టం ఒకటి వంచి, మంట సరిగ్గా ఆయిలు తొట్టి అడుగున తగిలేలా పెట్టాడు. ఒకచోటే తగలనిస్తే ఆయిలు మాడిపోతుంది. అందుకని గొట్టాన్ని నెమ్మదిగా ఇటూ అటూ జరుపుతూనే ఉండాలి. మంట గర్జిస్తోంది. టార్పాలిన్ లోపల ఎర్రటి వెలుగు, బయట ఏమీ లేదు.

నేను డీజిలు పైపును వేడినీళ్ళలో ముంచిన గుడ్డలతో తుడుస్తూ కూర్చున్నాను. గుడ్డ బకెట్లోంచి తీసి పైపుకి చుట్టేలోపే బిగుసుకుపోయేది. మళ్ళీ ముంచడం, మళ్ళీ చుట్టడం. కొంతసేపటికి ఇనుము టక్‌మంది. ఇంకాసేపటికి మళ్ళీ టక్‌మంది.

"వింటోంది" అన్నాడు కింది నుంచి ఫెదోత్.

తల తిప్పి చూస్తే మా వంటింటి కిటికీ అద్దం మీద మంచులో గుండ్రంగా ఒక రంధ్రం కనిపించింది. స్పిరిదోన్ ఊపిరితో కరిగించుకున్నాడు దాన్ని. గోళ్ళతో గీకడం కుదరదు కదా. అది గడ్డకడుతున్న కొద్దీ మళ్ళీ ఊదుతున్నాడు.

ఫెదోత్ బయటికి వచ్చి ఇంజనుకి తిప్పుడు కమ్మీ పెట్టి బలంగా నొక్కాడు. కదల్లేదు. మళ్ళీ కిందికి దూరాడు. చివరకు కమ్మీ ఒక జాన కదిలింది, ఆ తర్వాత సగం చుట్టు, ఆ తర్వాత బరువుగా ఒక చుట్టు తిరిగింది. అప్పుడు రేడియేటర్లో వేడినీళ్ళు పోశాం. మొదట పోసినవి అడుగున కుళాయిలోంచి చల్లగా కారిపోయాయి. రెండోసారి పోసినవి గోరువెచ్చగా వచ్చాయి. మూడోసారి వేడిగా రాగానే కుళాయి బిగించాం. ముందు రోజు ఫెదోత్ ఛార్జి చేయించి పొయ్యి దగ్గర పెట్టిన బ్యాటరీని నేను ఇంట్లోంచి తెచ్చాను.

క్యాబిన్లో కూర్చుని స్విచ్ నొక్కితే ఇంజను ముసలివాడిలా మూలిగింది. మళ్ళీ నొక్కాను. అప్పుడు స్పిరిదోన్ కోటు భుజాల మీద వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఆగు. దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వు. ఊరికే నొక్కేస్తే బ్యాటరీ పోతుంది" అన్నాడు. కాసేపాగి, "ఇప్పుడు" అన్నాడు.

ఇంజనులో ఒక సిలిండరు అంటుకుంది. తెల్లటి పొగ. ఇంకొకటి. లారీ మొత్తం వణికి, దగ్గి, నిలదొక్కుకుంది. ఫెదోత్ మసి మొహంతో కిందినుంచి పాక్కుంటూ వచ్చాడు. నేను నవ్వానేమో. వాడు నవ్వలేదు. గుమ్మంవైపు చూశాడు. అప్పటికే స్పిరిదోన్ తలుపు వేసేశాడు.

ఆ తర్వాత అదే మా పొద్దు. పెరట్లో లారీని వారం రోజులు తిప్పి చూసుకున్నాను, తర్వాత ఊరి చుట్టూ, తర్వాత నది మీద కొంత దూరం. రాత్రంతా ఇంజను నడిపేంత డీజిలు మాకు లేదు. అందుకని రోజూ సాయంత్రం ఆపడం, రోజూ పొద్దున్నే ఫెదోత్ వచ్చి లేపడం. వాడి కనుబొమ్మలు కాలి ఎర్రబడ్డాయి. ఒక్కరోజు మానలేదు. జ్వరంలో కూడా వచ్చాడు. నాకు అంతటి తమ్ముడున్నాడని చుట్టుపక్కల ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. నేనూ అలాగే అనుకున్నాను.

మొదటి పెద్ద ప్రయాణం ఫిబ్రవరిలో. పక్క సీట్లో స్పిరిదోన్. రెండు మణికట్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఎక్కడ గేరు మార్చాలో గడ్డంతో చూపించేవాడు.

"క్లచ్ మీద అలా నిలబడకు. అదేమన్నా అరుగా?"

"తిట్టమన్నాను గానీ మరీ ఇంతలానా."

"ఇంకా మొదలుపెట్టలేదు."

నది వంపు దగ్గరికి వచ్చాం. మంచు మీద టైరు కాలిన నల్లటి మచ్చ కొత్త మంచు కింద బూడిదరంగుగా కనిపించింది. అతను దానివైపు చూడలేదు. నేనూ వేగం తగ్గించలేదు.

చీకటి పడేలోగా దారి మధ్యలోని హోటలుకి చేరాం. డ్రైవర్లు ఆగి తిని పోయే చోటు అదొక్కటే. అగాఫ్యా నడుపుతుంది దాన్ని. గుమ్మం నిండేంత మనిషి, వచ్చేపోయే అందరితో సరసాలాడుతుంది. ఇంజను నడుస్తూ ఉండగానే వదిలి లోపలికి వెళ్ళాం.

"ఏం స్పిరిదోన్, డ్రైవర్ని మార్చావంటగా? జీతం ఏమిస్తున్నావు ఈవిడకి?"

"తిండి."

"అయితే మోసపోయావు. బాగా తినేలాగే ఉంది."

గుర్రం మాంసం చారు పెట్టింది. గిన్నె దగ్గరికి జరిపి, అతని మణికట్టుకి చెంచా ఎలా కట్టుకున్నామో చూసి, చూడనట్టు తల తిప్పుకుంది. బల్ల తుడుస్తూ నాతో అంది, "మీ తమ్ముడెలా ఉన్నాడు? ఆ రోజు తర్వాత ఇటు రానే లేదు."

"ఏ రోజు?"

"అదే, ఈయనకి ఇలా అయిన రోజు. మధ్యాహ్నం వచ్చి ఆ మూల కూర్చున్నాడు. పొద్దున్నే మీ ఊళ్ళో బయల్దేరానన్నాడు. చారు తాగి, చాలాసేపు కూర్చుని వెళ్ళాడు. సాయంత్రం బొగ్గు లారీల వాళ్ళు ఈయన్ని మోసుకొచ్చినప్పుడు అనుకున్నా, పాపం ఇద్దరూ దారిలో ఎక్కడ తప్పిపోయారో అని. తప్పిపోవడానికి అక్కడ రెండు దారులెక్కడున్నా..."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. నా మొహం చూసింది, అతని మొహం చూసింది. తర్వాత గుడ్డ భుజాన వేసుకుని వంటగదిలోకి వెళ్ళింది. గిన్నెలు మామూలుకంటే గట్టిగా చప్పుడయ్యాయి.

స్పిరిదోన్‌కి అలా అయిన దానికి ముందురోజే తను ఊరు వదిలానని ఫెదోత్ నాకు చెప్పాడు.

"చారు చల్లారిపోతోంది, తిను" అన్నాడు స్పిరిదోన్.

తిన్నాను. ఉప్పు ఉందో లేదో తెలియలేదు.

మళ్ళీ లారీ ఎక్కాం. హెడ్‌లైట్ల వెలుగులో మంచు ధూళి ఎగురుతోంది.

"నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"అప్పటినుంచే. చెయ్యెత్తాను. వాడి బండి నెమ్మదించింది. అద్దంలోంచి చూశాడు. తర్వాత గేరు మార్చాడు. ఆ గేరు మార్చిన చప్పుడు ఇంకా వినిపిస్తుంది నాకు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ తమ్ముడు."

"మరి వాణ్ణి రోజూ ఇంటికెందుకు రానిచ్చావు?"

అతను నిజంగానే దానికి జవాబు వెతుక్కుంటున్నాడు అనిపించింది.

"ఇంజను వేడెక్కాలి కదా" అన్నాడు. తర్వాత, "అక్కడ ఎడమవైపు ఉండు. మధ్యలో మంచు పలచగా ఉంటుంది" అన్నాడు.

నాకు కోపం వస్తుందనుకున్నాను. వస్తే దాన్ని ఏం చెయ్యాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. బస్తాలు ఎక్కించుకుని తిరిగి ఇంటికి చేరే దాకా ఎదురుచూశాను. రాలేదు. బస్తాలు దించాను, లారీ ఆపాను, ఆయిలు దించాను, కున్నెయ్‌కి రొట్టె కాల్చాను. మొదటి ముక్క ఎప్పటిలాగే పొయ్యిలో మంటకి నైవేద్యంగా పెట్టాను. అన్నీ చేశాను. ఎవరో చేస్తుంటే పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంది.

మర్నాడు పొద్దున్నే ఫెదోత్ గేటు తీసుకుని వచ్చాడు. నేను అప్పటికే పెరట్లో ఉన్నాను. వాడి చేతిలోంచి బ్లో ల్యాంపు తీసుకున్నాను.

"అగాఫ్యా అడిగింది నిన్ను" అన్నాను. "ఆ రోజు తర్వాత రాలేదేమని."

వాడు చేతి తొడుగులు తీసి మళ్ళీ తొడుక్కున్నాడు. వెళ్ళిపోతాడనుకున్నాను, వెళ్ళలేదు. గేటుకి ఆనుకుని అక్కడే నిలబడ్డాడు.

నేను లారీ కిందికి దూరి పంపు కొట్టి వెలిగించబోయాను. మంట రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. మూతి పూడుకుపోయింది. సన్నటి సూదితో పొడవాలి. తొడుగులుంటే సూది పట్టు దొరకదు, తొడుగులు తీస్తే వేళ్ళు నిలవవు. తీశాను. సూది ఎక్కడ పట్టుకున్నానో తెలియడం లేదు. వేళ్ళు తెల్లగా అవుతుంటే చూస్తూ ఉన్నాను. అలాగే ఎంతసేపు చూసేదాన్నో.

ఫెదోత్ పక్కకి వచ్చి పడుకున్నాడు. నా చేతుల్ని తన కోటులోకి లాక్కుని చంకల కింద పెట్టుకున్నాడు. కాసేపయ్యాక వాటిని వదిలి, తొడుగులు నాకు తొడిగి, సూది తీసుకున్నాడు. వాడి ఊపిరి నా చెంపకి తగులుతోంది. చిన్నప్పుడు ఒకే బొంత కింద పడుకునేవాళ్ళం.

మంట వెలిగింది.

ఇంజను లేచి, నడుస్తూ ఉండగా, స్పిరిదోన్ గుమ్మంలోంచి అన్నాడు, "వాణ్ణి లోపలికి రమ్మను. టీ తాగి పొమ్మను."

ఫెదోత్ టోపీ ఒళ్ళో పెట్టుకుని బల్ల చివర కూర్చున్నాడు. కనుబొమ్మల మీద మంచు కరిగి మొహం మీదుగా కారుతుంటే తుడుచుకోలేదు. కున్నెయ్ బడికి వెళ్ళింది. నేను పాలు పోసిన టీ ముగ్గురికీ పోశాను. స్పిరిదోన్ కప్పుని రెండు మణికట్ల మధ్య అదిమి ఎత్తి తాగాడు. కొంచెం గడ్డం మీద ఒలికింది. ఫెదోత్ చూపు తిప్పుకోబోయాడు.

"చూడు. ఫరవాలేదు" అన్నాడు స్పిరిదోన్. "అలవాటైంది."

వాడు చూశాడు.

"ఆ రోజు అగాఫ్యా దగ్గర ఏం తిన్నావు?"

"చారు."

"ఏం చారు?"

"గుర్రం మాంసం చారు, బావా."

"వేడిగా ఉందా?"

"వేడిగానే ఉంది."

స్పిరిదోన్ తలూపాడు. సంతలో ధర విన్నట్టు.

ఫెదోత్ కప్పు చుట్టూ వేళ్ళు బిగించాడు. "ఆ వంపు దగ్గరికి వచ్చేసరికి నా ఇంజను కూడా కొట్టుకుంటోంది బావా. ఆపితే మళ్ళీ లేవదనిపించింది. ఇద్దరం పోతామనిపించింది. హోటల్లో చెబితే ట్రాక్టరు పంపుతారు కదా అనుకుని లాగించేశా. చెబుదామనే లోపలికి వెళ్ళా. చెబుదామనే కూర్చున్నా. ఇంతలో అగాఫ్యా చారు తెచ్చి పెట్టింది. తినేశా. తిన్నాక ఇంకెలా చెప్పాలో తెలియలేదు. ఇంతసేపూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు కదా."

"అడుగుతారు" అన్నాడు స్పిరిదోన్.

పెరట్లో ఇంజను నడుస్తోంది. కిటికీ అద్దాలు దానికి సన్నగా మోగుతున్నాయి.

"రేపు బయల్దేరాలి. కొంచెం ముందుగా రా" అన్నాడు స్పిరిదోన్.

అంతే. ఆ విషయం మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఫెదోత్ మర్నాడు ముందుగానే వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. నేను వాడితో మాట్లాడటం మానేశాను అనలేను. "మంట తగ్గించు" అనేదాన్ని. "నీళ్ళు కాగాయి" అనేదాన్ని. "తిప్పు" అనేదాన్ని. వాడు తిప్పేవాడు. మా అమ్మ కడుపున పుట్టిన ఇద్దరం ఆ టార్పాలిన్ కింద రోజూ పక్కపక్కనే పడుకుని ఒక ఇనుప తొట్టిని వేడి చేశాం. స్పిరిదోన్ మాత్రం వాడు వస్తే లోపలి గదిలోకి వెళ్ళడం మానేశాడు. కిటికీ దగ్గరే ఉండేవాడు. ఎందుకంటే, ఇప్పుడు లారీ నాది. నేనేం తప్పు చేస్తున్నానో చూడాలి అతనికి.

మార్చిలో ఒకసారి నది మధ్యలో దీపాలార్పేసి ఆగి ఉన్న లారీ కనిపించింది. ఎవరిదో తెలియదు. బ్రేకు వేసి దిగి, వెళ్ళి తలుపు మీద దబదబా కొట్టాను. లోపలినుంచి గడ్డం మాసిన మనిషి ఒకడు అద్దం దించాడు.

"ఏమైంది?" అన్నాను.

"ఏమీ కాలేదు తల్లీ. నిద్రపోతున్నా. ఈ దారిలో మనిషిని నిద్ర కూడా పోనివ్వరా?"

తిరిగి వచ్చి ఎక్కేసరికి స్పిరిదోన్ నవ్వుతున్నాడు. చప్పుడు లేదు, భుజాలు కదులుతున్నాయి. ఆ చలికాలమంతటికీ అతను నవ్వగా చూడటం అదే. తర్వాత చూస్తే నవ్వడం లేదు. అద్దంవైపు తిరిగి కూర్చున్నాడు. నేను గేరు మార్చాను. సరిగ్గా మార్చాననుకుంటా, తిట్టలేదు.

పిండంతా తోలాం. కొట్టువాళ్ళు వచ్చే ఏడు కూడా పని మాకే అన్నారు. "డ్రైవరమ్మకే" అన్నారు, స్పిరిదోన్ ముందే. అతను ఆ మాట విని, తలూపి, బయటికి వెళ్ళి లారీ టైర్లని ఒక్కొక్కటిగా బూటుతో తన్ని చూశాడు.

ఏప్రిల్ చివర్లో ఎండ వచ్చింది. ఇళ్ళ కప్పుల మీది మంచు చినుకులు చినుకులుగా రాలుతోంది. దారి మూసేస్తారని చెప్పిన చివరి వారం అది. ఒకరోజు పొద్దున్నే పెరట్లోకి వెళ్ళి, ఊరికే చూద్దామని క్యాబిన్ ఎక్కి స్విచ్ నొక్కాను. మంట లేదు, వేడినీళ్ళు లేవు, బొంతలు లేవు. ఒక్కసారి మూలిగి లేచింది. సాఫీగా నడుస్తోంది.

గేటు దగ్గర ఫెదోత్ నిలబడి ఉన్నాడు. భుజానికి రేకు గొట్టం, చేతిలో బ్లో ల్యాంపు.

"లేచిందా?" అన్నాడు.

"లేచింది."

"దానంతటదే?"

"దానంతటదే."

వాడు గేటు మీద చెయ్యి వేసి, కాసేపు ఇంజను చప్పుడు విన్నాడు. ఎక్కడైనా తప్పు వినబడుతుందేమోనన్నట్టు తల ఒకవైపు వంచాడు. ఎక్కడా లేదు.

"అయితే వెళ్తా అక్కా."

"ఊఁ."

ల్యాంపునీ గొట్టాన్నీ గేటు లోపల గోడకి ఆనించి పెట్టి వెళ్ళిపోయాడు. బురద మంచులో వాడి బూట్లు చప్పుడు చేస్తూ వెళ్ళాయి. నేను క్యాబిన్లోంచి దిగలేదు.

లోపలికి వెళ్తే స్పిరిదోన్ బల్ల ముందు ఉన్నాడు.

"ఫెదోత్ వచ్చాడా?"

"వచ్చి వెళ్ళాడు."

"టీ తాగమనలేదా?"

"లేదు."

అతను ఖాళీ కప్పుని మణికట్టుతో నా వైపు జరిపాడు. పోశాను.

నదిలో మంచు పగిలి కదిలాక వచ్చిన మొదటి పడవ మీద ఫెదోత్ దిగువకి వెళ్ళాడు, రేవుల్లో పనికి. ఇప్పుడు అక్కడే ఉంటున్నాడు. పెళ్ళి కూడా చేసుకున్నాడట. చలికాలం మొదలయ్యాక ఆ వైపు నుంచి వచ్చే ఎవరో ఒక డ్రైవరు చేత చేపల సంచి పంపిస్తాడు. కట్టెల్లా గడ్డకట్టిన, మంచి కొవ్వు పట్టిన చేపలు. స్పిరిదోన్ చేపని తలకిందులుగా బల్ల మీద నిలబెట్టి రెండు మణికట్లతో అదిమి పట్టుకుంటాడు. నేను కత్తితో పైనుంచి కిందికి పలచగా చెక్కుతాను. తెల్లటి చెక్కులు చుట్టలు చుట్టుకుని పళ్ళెంలో పడతాయి. ఉప్పు అద్దుకుని, పచ్చిగానే, కరిగిపోయేలోపు తినేస్తాం.